బాల్సా కర్ర టవర్: ఒక విద్యార్థి పోటీ నిబంధనల్లో భూకంపాల చరిత్ర

పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మనం పరిశీలించే ఆధారం వాటిలో దేనికీ చెందదు. అది ఇంజనీరింగ్ విద్యార్థుల పోటీకి రాసిన నిబంధనల పత్రం. అమెరికాలో 1948లో ఏర్పడిన భూకంప ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ డిగ్రీ విద్యార్థుల కోసం భూకంప నిర్మాణ నమూనా పోటీ నిర్వహిస్తుంది. ఈ సంస్థను క్లుప్తంగా ఈఈఆర్ఐ అంటారు. పోటీని ఈ శతాబ్దం తొలి సంవత్సరాల్లో కాలిఫోర్నియాలోని పీర్ అనే భూకంప పరిశోధన కేంద్రానికి చెందిన విద్యార్థి ప్రతినిధులు మొదలుపెట్టారు. తర్వాత అది ఈఈఆర్ఐ చేతికి వచ్చింది.

ఈ పత్రాన్ని చరిత్ర విద్యార్థి ఎందుకు చదవాలి? దానిలోని ముఖ్యమైన నిబంధనల వెనుక ఒక్కొక్క నగరం కూలిన రోజు ఉంది గనుక. నిబంధనలు రాసినవారు ఆ రోజులను ఎక్కడా పేర్కొనరు. వారు తమ వృత్తిలో అలవాటైన పద్ధతినే విద్యార్థులకు అప్పగించారు. ఆ పద్ధతి ఎలా ఏర్పడిందో వెతకడం మన పని.

పోటీ తీరు

ముందుగా పోటీని అర్థం చేసుకోండి. ప్రతి జట్టు బాల్సా కర్రతో ఒక బహుళ అంతస్తుల భవనం నమూనా కడుతుంది. బాల్సా చాలా తేలికైన కర్ర. బ్లేడుతో సులభంగా తెగుతుంది. నమూనా ఎత్తు సాధారణంగా 60 అంగుళాలకు, అంటే 5 అడుగులకు మించకూడదు. కర్ర ముక్కల కొలతలకూ పరిమితి ఉంటుంది. జిగురును రెండు ముక్కలు కలిసే చోటే వాడాలి. కర్రంతా జిగురు పూసి గట్టిపరచుకోవడానికి వీల్లేదు. పోటీ రోజున అంతస్తులకు ఇనుప కడ్డీల బరువులు బిగించి, నమూనాను షేక్ టేబుల్ మీద బోల్టులతో కదలకుండా అమర్చుతారు. షేక్ టేబుల్ అంటే యంత్రం సాయంతో భూకంపంలా కదిలే వేదిక. దాన్ని ఏ తీరున కదిలిస్తారో జట్లకు ముందే తెలుస్తుంది. పైకప్పు మీద త్వరణాన్ని కొలిచే పరికరాన్ని అమర్చుతారు.

ఇంతవరకు ఇది మామూలు ప్రయోగమే. ఫలితాన్ని లెక్కించే పద్ధతి మాత్రం వేరు. నమూనాకు మార్కులు వేయరు, డబ్బు లెక్క కడతారు. అంతస్తుల వైశాల్యాన్ని బట్టి ఏడాదికి ఇంత అద్దె వస్తుందని జమ వేస్తారు. పై అంతస్తులకు అద్దె ఎక్కువ. అందులోంచి స్థలం ఖర్చు, నమూనా బరువును బట్టి నిర్మాణ ఖర్చు తీసేస్తారు. చివరిగా భూకంపంవల్ల కలిగే నష్టాన్ని ఏడాది లెక్కన తీసేస్తారు. మిగిలిన ఆదాయం ఎవరికి ఎక్కువో వారు ముందుంటారు. కూలిన భవనం ఎంత అద్దె చూపినా, నిలబడిన భవనాల వెనుకే ఉంటుంది.

బరువులో ఎన్నో వంతు?

నమూనాకు ఇనుప బరువులు ఎందుకు బిగిస్తారు? భూకంపం భవనాన్ని బయటినుంచి తోయదు. నేల పక్కకు జరుగుతుంది, భవనం తన బరువువల్ల ఉన్నచోటే ఉండబోతుంది. ఆ పెనుగులాటే బలంగా మారుతుంది. బరువు ఎక్కువైతే బలం ఎక్కువ. బస్సు ఒక్కసారిగా కదిలినప్పుడు నిలబడ్డవారు వెనక్కు తూలడం మీకు అనుభవమే.

ఈ సంగతిని సంఖ్యగా మార్చి చట్టంలో పెట్టిన తొలి దేశాల్లో ఇటలీ ఒకటి. 1908 డిసెంబరు 28 తెల్లవారుజామున మెస్సీనా జలసంధికి ఇరువైపులా ఉన్న మెస్సీనా, రెజ్జియో నగరాలు నేలమట్టమయ్యాయి. మృతుల సంఖ్య 75 వేలకు పైనే ఉంటుందని చాలా అంచనాలు చెబుతాయి. ప్రభుత్వం ఇంజనీర్లతో, ఆచార్యులతో ఒక సంఘం వేసింది. సంఘం సభ్యులు పాక్షికంగా మిగిలిన ఇళ్లను పరిశీలించి, అవి ఎంత పక్కబలాన్ని తట్టుకుని ఉంటాయో వెనక్కు లెక్కగట్టారు. మొదటి అంతస్తు తన పైనున్న బరువులో 12వ వంతు, ఆ పై అంతస్తు 8వ వంతు బలాన్ని పక్కనుంచి తట్టుకునేలా కట్టాలని సిఫారసు చేశారు. 1909లో అది రాజశాసనంలోకి ఎక్కింది. సిద్ధాంతం నుంచి కాక, మిగిలిన గోడల నుంచి వచ్చిన సంఖ్యలవి. ఒక విధంగా ఆ ఇంజనీర్లు చేసింది చరిత్రకారుడి పనే.

ఇదే కాలంలో జపాన్‌లో సానో తోషికతా అనే ఆచార్యుడు ఇలాంటి గుణకాన్నే ప్రతిపాదించాడు. ఆయన శిష్యుడు నైటో తచూ దాన్ని ఆచరణలో పెట్టాడు. నైటో రూపకల్పన చేసిన జపాన్ పారిశ్రామిక బ్యాంకు భవనం 1923 జూన్‌లో పూర్తయింది. సెప్టెంబరు 1న కాంటో భూకంపం వచ్చింది. టోక్యో, యొకొహామా ప్రాంతాల్లో లక్ష మందికి పైగా చనిపోయారు, అందులో చాలామంది మంటల్లో. నైటో కట్టిన బ్యాంకు నిలిచింది. లోపల అడ్డంగా, నిలువుగా గట్టి గోడలు పెట్టి భవనాన్ని పెట్టెలా బిగించడం ఆయన పద్ధతి. పెట్టె ప్రయాణంలో నలిగిపోకుండా లోపలి అడ్డుపలకలు కాపాడతాయన్న సంగతి అమెరికా ప్రయాణంలో తన ట్రంకు పెట్టె పాడైనప్పుడు ఆయనకు తట్టిందని చెబుతారు. 1924లో జపాన్ చట్టం భవనం బరువులో పదో వంతు పక్కబలాన్ని తప్పనిసరి చేసింది.

తైవాన్‌లో జరిగే మరో పోటీ ఈ బరువు సూత్రాన్ని మరింత సూటిగా వాడుకుంటుంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో పుట్టిన ఆలోచన అది. 1999 సెప్టెంబరు 21న చిచీ భూకంపంలో తైవాన్ 2,400 మందికి పైగా ప్రజలను కోల్పోయింది. రెండేళ్లకే అక్కడి జాతీయ భూకంప పరిశోధన కేంద్రం ఆ పోటీని ప్రారంభించింది. అందులో నమూనా కూలేదాకా కుదుపు పెంచుతూ పోతారు. ఎంత తక్కువ బరువున్న నమూనా ఎంత ఎక్కువ కుదుపును తట్టుకుందన్నదే గెలుపు. తైవాన్ పోటీ ‘ఎప్పుడు కూలుతుంది’ అని అడిగితే, అమెరికా పోటీ ‘నిలిచినా ఎంత ఖర్చవుతుంది’ అని అడుగుతుంది. ఈ రెండో ప్రశ్న చాలా ఆలస్యంగా పుట్టింది. దాని దగ్గరకు వద్దాం.

ఎత్తుకు అద్దె

పై అంతస్తుకు ఎక్కువ అద్దె అన్న నిబంధనను మెస్సీనా ఇంజనీర్లు చూస్తే నివ్వెరపోయేవారు. వారి శాసనం ఇళ్లను రెండు అంతస్తులకు పరిమితం చేసింది. జపాన్ 1920 ప్రాంతంలో భవనాల ఎత్తుకు సుమారు 31 మీటర్ల హద్దు పెట్టింది. లాస్ ఏంజెలస్‌లో 150 అడుగుల హద్దు ఉండేది. 1928లో కట్టిన నగర పాలక భవనానికి మాత్రమే ప్రత్యేక అనుమతి ఇచ్చారు. భయమున్నచోట ఎత్తు తగ్గించడమే అప్పటి నీతి.

హద్దులు తొలగింది ధైర్యం పెరిగి కాదు. భవనం ఊగే తీరును లెక్కగట్టడం నేర్చుకున్నాకే. లాస్ ఏంజెలస్ 1950లలో హద్దు తీసేసింది. టోక్యోలో 36 అంతస్తుల కసుమిగసెకి భవనం 1968లో పూర్తయింది.

నేల రాసిన గీత

1933 మార్చి 10 సాయంత్రం 5 గంటల 54 నిమిషాలకు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో భూకంపం వచ్చింది. సుమారు 120 మంది మరణించారు. దాదాపు 70 పాఠశాలలు ధ్వంసమయ్యాయి. బడి వదిలి చాలాసేపయింది కాబట్టి ఆ పాఠశాలల్లో పిల్లలు లేరు. కొన్ని గంటల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేకపోయింది. సరిగ్గా నెల తిరిగేసరికి ఏప్రిల్ 10న ఫీల్డ్ చట్టం వచ్చింది. ప్రభుత్వ పాఠశాలల నిర్మాణాన్ని అది రాష్ట్ర ప్రభుత్వ తనిఖీ కిందికి తెచ్చింది. మే నెలలో వచ్చిన రైలీ చట్టం దాదాపు అన్ని కొత్త భవనాలకూ కనీస పక్కబలాన్ని నిర్ణయించింది. అది బరువులో 2 శాతమే, జపాన్ సంఖ్యలో ఐదో వంతు. శాసనసభలు నిర్ణయించే సంఖ్యల్లో విజ్ఞానంతోపాటు బేరసారాలూ ఉంటాయని గమనించండి.

అదే భూకంపంలో ఇంకొకటి జరిగింది, దాన్ని వార్తాపత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. 1932లో అమెరికా తీర, భూసర్వే విభాగం బలమైన కుదుపును కూడా తట్టుకుని నమోదు చేసే పరికరాలను కొన్నిచోట్ల అమర్చింది. విధ్వంసకర భూకంపంలో నేల కదలిక తొలిసారి లాంగ్ బీచ్‌లో నమోదైంది. 1940 మే 18న ఎల్ సెంట్రోలో నమోదైన రేఖ మరింత ప్రసిద్ధమైంది. గురుత్వ త్వరణంలో మూడో వంతు దాకా వెళ్లిన ఆ కదలికను దశాబ్దాల పాటు ప్రపంచమంతా పరీక్షలకు వాడుకుంది. జపాన్‌లో 19వ శతాబ్దం చివరినాటి తొలి కంపన వేదికలను చేతితో తిప్పి కదిలించేవారు. వేదికకు నిజమైన భూకంపాన్ని మళ్లీ ఆడించే శక్తి ఈ రేఖలతోనే వచ్చింది. నేటి విద్యార్థికి పోటీకి ముందే అందే కదలికల దత్తాంశం ఈ సంప్రదాయంలోదే.

అయితే రేఖ దొరికితే సరిపోదు, భవనం దానికి ఎలా స్పందిస్తుందో తెలియాలి. ప్రతి భవనానికీ ఒక సహజ ఆవర్తన కాలం ఉంటుంది. అంటే ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం. బరువు నాలుగింతలైతే ఆ సమయం రెండింతలవుతుంది. దృఢత్వం నాలుగింతలైతే సగమవుతుంది. కాల్‌టెక్‌లో 1932లో మారిస్ బియో, 1941లో జార్జ్ హౌస్‌నర్ తమ పరిశోధన వ్యాసాల్లో ఈ అంశాన్ని లోతుగా చర్చించారు. ఒకే భూకంపం వేర్వేరు ఆవర్తన కాలాలున్న భవనాలను ఎంతెంత ఊపుతుందో ఒకే గీతలో చూపే పద్ధతి అలా రూపుదిద్దుకుంది. నమూనా ఎంత కదులుతుందో ముందే అంచనా వేసి చెప్పమని పోటీ జట్లను అడుగుతుంది. దగ్గరగా చెప్పినవారికి లాభం. కర్రను నేర్పుగా అతికించడం ఒక్కటే సరిపోదన్నమాట.

ఈ ఊగే లెక్క తప్పితే ఏమవుతుందో 1985 సెప్టెంబరు 19 ఉదయం మెక్సికో నగరం చూపింది. భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరంలో, పసిఫిక్ తీరంలో ఉంది. నగరంలో చాలా భాగం పూడిన పాత సరస్సు మీద ఉంది. ఆ మెత్తని బంకమన్ను సుమారు 2 సెకన్లకు ఒకసారి ఊగింది. ఆ ఊపుతో కలిసిపోయిన 6 నుంచి 15 అంతస్తుల భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. చిన్న ఇళ్లు చాలావరకు తప్పించుకున్నాయి. 1956లో పూర్తయిన 44 అంతస్తుల లాటినో అమెరికానా టవర్ కూడా నిలిచింది. ఊయలను దాని ఊపుకు సరిపడా సమయంలో తోస్తే ఎంత ఎత్తుకు వెళ్తుందో మీకు తెలుసు. తప్పిన సమయంలో తోస్తే అది అంతగా లేవదు.

నిలబడిన ఆసుపత్రి

ఇప్పుడు నిబంధనల పత్రంలో కొత్తగా చదివేవారిని తికమకపెట్టే భాగానికి వద్దాం. నష్టాన్ని లెక్కించేందుకు రెండు కొలతలు వాడతారు. ఒకటి, పునాదితో పోలిస్తే పైకప్పు ఎంత పక్కకు జరిగింది. రెండు, పైకప్పు మీద త్వరణం ఎంత. భవనం ఎక్కువ జరిగితే స్తంభాలు, గోడలు పగులుతాయి, మొదటి కొలత అందుకు. మరి రెండోది?

లాస్ ఏంజెలస్‌కు ఉత్తరాన ఉన్న ఆలివ్ వ్యూ ఆసుపత్రి చరిత్రే దీనికి సమాధానం. 1971 ఫిబ్రవరి 9న శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చేనాటికి దాని కొత్త భవనం తెరిచి కొద్ది వారాలే అయింది. భవనం కింది అంతస్తు బలహీనంగా ఉండడంతో మొత్తం పక్కకు ఒరిగింది. మెట్ల గదులు విడిపోయి పడిపోయాయి. అత్యవసర సమయంలో ఆసుపత్రే రోగిగా మారడం కాలిఫోర్నియాను కుదిపింది. 1973లో ఆసుపత్రుల భూకంప భద్రతకు ప్రత్యేక చట్టం చేశారు. ఆలివ్ వ్యూను పూర్తిగా కూల్చి, ఉక్కు గోడలతో అతి దృఢంగా తిరిగి కట్టారు.

1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం ఆ కొత్త భవనాన్ని పరీక్షించింది. నేల దగ్గర గురుత్వ త్వరణానికి కొంచెం తక్కువైన కుదుపు, పైకప్పు మీద దానికి రెండింతలు మించి నమోదైంది. నిర్మాణం చెక్కుచెదరలేదు. అయినా రోగులను ఖాళీ చేయించాల్సి వచ్చింది. మంటలార్పే నీటి గొట్టాలు తెగి అంతస్తులు తడిసిపోయాయి, పరికరాలు దెబ్బతిన్నాయి. మొదటి భవనం మరీ ఎక్కువగా జరిగి చెడింది. రెండోది జరగకుండా బిగిసి, ఆ బిగువుతోనే లోపలున్న వస్తువులను విసిరికొట్టింది.

నమూనా కట్టే విద్యార్థి ముందున్న చిక్కు ఇదే. కర్రలు ఎక్కువ వేసి బిగిస్తే కదలిక తగ్గుతుంది, కానీ త్వరణం, బరువు, ఖర్చు పెరుగుతాయి. వదులుగా వదిలితే త్వరణం తగ్గవచ్చు, కానీ కదలికతో గోడల నష్టం పెరుగుతుంది. ఈ పోటీకి ఉన్న బోధన విలువంతా ఈ రెండు కొలతలను పక్కపక్కన పెట్టడంలోనే ఉందని నా అభిప్రాయం. ‘గట్టిగా కట్టు’ అన్న పాత సలహా ఇక్కడ చాలదు.

ఏడాదికి ఎంత నష్టం?

నార్త్‌రిడ్జ్‌లో అధికారిక లెక్క ప్రకారం 57 మంది మరణించారు. పెద్ద నగరం కింద వచ్చిన 6.7 పరిమాణం గల భూకంపానికి ఇది తక్కువ సంఖ్యే. పాత ప్రశ్నతో చూస్తే భవన నియమావళి గెలిచింది. కానీ ఆస్తి నష్టం 2,000 కోట్ల డాలర్లను దాటింది. పైకి బాగున్న ఉక్కు భవనాల్లో దూలం, స్తంభం కలిసే చోట వెల్డింగు పగిలి ఉందని తర్వాతి తనిఖీల్లో బయటపడింది. బీమా సంస్థలు వెనుకంజ వేశాయి. ‘మా భవనం నియమావళి ప్రకారమే కట్టాం కదా’ అని అడిగిన యజమానికి ఇంజనీరు చెప్పగలిగిన జవాబు ఒక్కటే: నియమావళి మీ ప్రాణానికి హామీ ఇచ్చింది, మీ భవనానికి కాదు.

అక్కడినుంచి భవనం ఏ స్థాయి కుదుపుకు ఏ స్థితిలో ఉండాలో ముందే నిర్ణయించుకునే పద్ధతి బలపడింది. ప్రాణనష్టం, ధననష్టం, పని ఆగిన కాలం అనే మూడింటిని అంచనా వేయడం పీర్ కేంద్రం పరిశోధనలో ప్రధానాంశమైంది. పోటీ పుట్టింది ఆ కేంద్రంలోనే అని ముందే చదివారు. కాబట్టి డబ్బు లెక్క ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

ఏడాది నష్టం అంటే ఏమిటో చిన్న ఉదాహరణతో చూడండి. సగటున 50 ఏళ్లకు ఒకసారి వచ్చే భూకంపం ఒక భవనానికి కోటి రూపాయల నష్టం చేస్తుందనుకుందాం. ఏడాదికి పంచితే 2 లక్షలు. సగటున 500 ఏళ్లకు ఒకసారి వచ్చే భూకంపం 10 కోట్ల నష్టం చేస్తుందనుకుంటే, అదీ ఏడాదికి 2 లక్షలే. తరచూ వచ్చే చిన్న కుదుపు, అరుదుగా వచ్చే పెద్ద కుదుపు లెక్కలో సమానమయ్యాయి. యజమానికి ఇది ఉపయోగపడే సమానత్వం. భవనంలో ఉండేవారికి మాత్రం రెండూ ఒకటి కావు. కూలిన భవనాన్ని డబ్బుతో సంబంధం లేకుండా వెనక్కు నెట్టే నిబంధన అందుకే అవసరమైంది. డాలర్ల పట్టికలో లాంగ్ బీచ్ పిల్లలకు చోటున్నది ఆ ఒక్క వాక్యంలోనే.

తనిఖీ బల్ల

కుదుపుకు ముందు ప్రతి నమూనానూ తూకం వేస్తారు, కొలతలు తీస్తారు. ఉల్లంఘన కనిపిస్తే జరిమానా పడుతుంది. విద్యార్థులకు విసుగు పుట్టించే ఈ భాగమే మన దేశానికి అన్నిటికంటే దగ్గరగా ఉంది.

భారతదేశంలో నియమావళి లేక కాదు. రూర్కీలో 1960లోనే భూకంప ఇంజనీరింగ్‌కు ప్రత్యేక విభాగం ఏర్పడింది. భారత ప్రమాణం ఐఎస్ 1893 మొదటి కూర్పు 1962లో వచ్చింది. స్థిరమైనదని నమ్మిన ద్వీపకల్ప భారతంలో 1967 డిసెంబరులో కొయినా భూకంపం వచ్చాక, 1970 కూర్పులో దేశ భూకంప మండలాల పటాన్ని మార్చారు. తెలుగు నేల కూడా ఆ కాలంలో కదిలింది. 1967 మార్చిలో ఒంగోలు వద్ద, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో 5కు పైబడిన పరిమాణం గల భూకంపాలు వచ్చాయి.

2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం 13 వేలకు పైగా ప్రాణాలు తీసింది. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తు గోడల్లేకుండా స్తంభాల మీద నిలిచి ఉంది, వాహనాలు పెట్టుకోవడానికి. పైనంతా ఇటుక గోడలతో బిగువుగా, కిందంతా వదులుగా ఉన్న ఆ అమరిక ముప్పై ఏళ్ల కిందటి తొలి ఆలివ్ వ్యూ ఆసుపత్రికి చుట్టమే. మన ఊళ్లలో దీన్నే స్టిల్ట్ అంటున్నాం. ప్రమాణం పుస్తకంలో ఉంది. ప్రైవేటు భవనాలు దాన్ని పాటించాయో లేదో చూసే తనిఖీ బల్ల లేదు.

2002లో ఐఎస్ 1893 కొత్త కూర్పు వచ్చింది. అలాంటి బలహీన అంతస్తులోని స్తంభాలను, దూలాలను మామూలు లెక్కకు వచ్చిన బలాలకు 2.5 రెట్లకు రూపకల్పన చేయాలని, లేదా తగిన గోడలు కట్టాలని అందులో చేర్చారు. 1909 నాటి 12వ వంతు మెస్సీనాలో మిగిలిన గోడల నుంచి వచ్చింది. ఈ 2.5 మన అపార్టుమెంట్ల పార్కింగ్ స్తంభాల దగ్గరకు అహ్మదాబాద్ మీదుగా వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ వీధిలో స్టిల్ట్ ఉన్న భవనాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. కింది అంతస్తులో స్తంభాల మధ్య ఎన్ని చోట్ల గోడ ఉందో, పై అంతస్తులో ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టండి. అది 2002కు ముందు కట్టిందా, తర్వాత కట్టిందా అని అక్కడివారిని అడిగి తెలుసుకోండి. ఈ రెండు వివరాలు, మీరు గీసిన చిన్న పటం ఆధారంగా, ఆ భవనం మీద ఏ భూకంపం జాడ ఉందో, ఏది లేదో ఒక పేజీలో రాయండి.